తడి కాగితం మీద తెల్లని అక్షరం

పెద్దవాళ్ల కోసం పెట్టే చరిత్ర తరగతులు చాలావరకు ఫలితాల దగ్గర మొదలవుతాయి. శాతవాహనులు, ఇక్ష్వాకులు, విష్ణుకుండినులు, చాళుక్యులు, కాకతీయులు అంటూ వంశాల వరస, ఒక పటం, కొన్ని ఫొటోలు. అంతా నిజమే, ఉపయోగమే. కానీ ఈ సంగతులు మనదాకా ఏ దారిన వచ్చాయో వినేవాళ్లకు తెలియదు. శాసనాలు చదవడం నేర్పే తరగతి, నేర్పేవాళ్లు పనితనం ఉన్నవాళ్లయితే, ఈ వరసను తిరగేస్తుంది. రాజు ఆఖర్న వస్తాడు. మొదట వచ్చేవి ఒక రాయి, బకెట్టు నీళ్లు, కొబ్బరిపీచు బ్రష్షు.

అలాంటి తరగతిని ఎలా కడతారో దగ్గరగా చూస్తే దాని అందం తెలుస్తుంది. వచ్చేవాళ్లు రిటైరైన తెలుగు మాస్టార్లు, బ్యాంకు ఉద్యోగులు, పిల్లలు పెద్దవాళ్లయ్యాక తీరిక దొరికిన ఇల్లాళ్లు, ఊరి చరిత్ర రాయాలన్న కోరిక ఉన్న ఒకరిద్దరు. పరీక్ష లేదు, పట్టా లేదు. వాళ్లను కూర్చోబెట్టి ఉంచేది నేర్పే క్రమం ఒక్కటే. చెయ్యి, కన్ను, అక్షరం, తేదీ, దానం: ఒక్కో మెట్టు ముందు మెట్టు మీద నిలబడుతుంది. ఏదైనా దాటేస్తే తర్వాతది కదలదు.

మొదటి మెట్టు అచ్చు తీయడం. శాసనశాస్త్రం వాళ్లు ఎస్టాంపేజి అంటారు. ఊళ్లో చేసేవాళ్లకు అచ్చే.

ముందు రాయిని కడగాలి. గుడిలోని శాసన స్తంభం మీద తరతరాల సున్నం, పసుపు, నూనె పేరుకుపోయి ఉంటాయి. కొన్నిచోట్ల ఎవరో భక్తికొద్దీ వేయించిన ఎనామిల్ పెయింటు కూడా. సున్నాన్ని, నాచును నీళ్లతో నానబెట్టి పీచు బ్రష్షుతో నిదానంగా తోమాలి. ఇనప తీగల బ్రష్షు, యాసిడ్ దగ్గరికి రానివ్వరు. అక్షరం లోతు చాలాసార్లు రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు, అందులో సగం వానకూ గాలికీ ఎప్పుడో పోయింది. మిగిలిన సగాన్ని మన ఆత్రం తినేయకూడదు. దీపం పెట్టేచోట నూనె ఇంకిన భాగం ఒక ప్రత్యేక సమస్య, తడి కాగితం అక్కడ అతుక్కోదు. పని తెలిసినవాళ్లు కడిగేటప్పుడే అలాంటి చోట్లను గుర్తుపెట్టుకుంటారు.

ఎండ, గాలి ఈ పనికి శత్రువులు. అందుకే తెల్లవారుజామున మొదలుపెడతారు. రాయి ఎక్కడుంది, ఏ దిక్కుకు తిరిగి ఉంది, ఎన్ని ముఖాల మీద రాత ఉంది, ఎత్తు వెడల్పు ఎంత అన్నది కాగితం తడపకముందే పుస్తకంలోకి ఎక్కాలి. నాలుగు ముఖాల స్తంభమైతే రాత ఏ ముఖం మీద మొదలైందో తేల్చుకోవాలి. పైన సూర్యచంద్రులు, శివలింగం, ఆవూదూడా లాంటి బొమ్మలు చెక్కి ఉన్న ముఖం తరచు మొదటిదవుతుంది. తరచు అంటే ఎప్పుడూ అని కాదు.

కాగితం మ్యాప్‌లితో లాంటిది కావాలి. మరీ పలచనైతే బ్రష్షు దెబ్బకు చిరుగుతుంది, మరీ మందమైతే అక్షరం గాడిలోకి దిగదు. రాతకంటే నాలుగువేళ్లు పెద్దగా కత్తిరించి, నీళ్లలో ముంచి, రెండు పై అంచులు పట్టుకుని ఎత్తి, రాయి మీద పైనుంచి కిందికి పరుస్తారు. ఇది ఇద్దరు చేయాల్సిన పని. లోపల చిక్కుకున్న గాలిని నడిమి నుంచి అంచులవైపు తోసేయాలి. తర్వాత బిరుసు వెంట్రుకల బ్రష్షుతో కొట్టడం. బ్రష్షు నిటారుగా పడాలి. ఏటవాలుగా పడితే కాగితం జారుతుంది, అక్షరం రెండుగా పడుతుంది. దెబ్బ దెబ్బకూ కాగితం గాడిలోకి దిగి రాయి ఒంపుసొంపులను పట్టుకుంటుంది. ఎక్కడైనా చిరిగితే మరో తడి ముక్క పెట్టి మళ్లీ కొడతారు. అతుకు కనపడకుండా వేయడం చూస్తే, చిరగడమే మంచిదయిందేమో అనిపిస్తుంది.

ఇప్పుడు ఆగాలి. కొత్తవాళ్లకు నేర్పడానికి కష్టమైనది ఈ ఆగడమే. కాగితం మీద నీటి మెరుపు పోవాలి, తేమ మాత్రం ఉండాలి. తడి ఎక్కువగా ఉండగా సిరా పెడితే అది గాడిలోకి పాకి తెల్లగా ఉండాల్సిన అక్షరాన్ని నల్లగా చేస్తుంది, రాతికీ అంటుతుంది. పూర్తిగా ఆరిపోతే కాగితం రాయిని వదిలేస్తుంది. మధ్యలో ఉన్న కొద్ది నిమిషాలే పని చేసుకునే వేళ. నేర్పేవాళ్లు వేలి వెనక భాగంతో తాకి చూస్తారు, మిగతావాళ్లను కూడా తాకమంటారు.

సిరా అంటే దీపపు మసి, జిగురు, నీళ్లు. దాన్ని రాసేది కుంచెతో కాదు, గుడ్డలో దూది కుక్కి గట్టిగా కట్టిన గుండ్రటి పొట్లంతో. సిరా పలకమీద అద్ది, ఎక్కువైనది వేరే కాగితం మీద వదిలించి, అప్పుడు శాసనం మీద తేలిగ్గా తట్టాలి, రుద్దకూడదు. మొదటి విడత పొగ పట్టినట్టుంటుంది. రెండో విడతకు అక్కడక్కడా తెల్లటి గీతలు తేలతాయి. మూడో విడతకు నల్లటి నేలమీద పంక్తులు పంక్తులుగా అక్షరాలు నిలబడతాయి.

ఇందులో కిటుకు ఏమిటో ఒకసారి ఆలోచించాలి. పొట్లం గుండ్రంగా, గట్టిగా ఉంటుంది గనక అది కాగితం ఎత్తుగా ఉన్నచోటే తాకుతుంది. గాడిలోకి దిగిన భాగాన్ని అందుకోలేదు. అంటే ఈ పద్ధతి నమోదు చేస్తున్నది రంగును కాదు, ఎత్తుపల్లాలను. ఫొటో వెలుతురు మీద ఆధారపడుతుంది. మిట్టమధ్యాహ్నం తీసిన శాసనం ఫొటోలో సగం అక్షరాలు కనపడవు, పక్కనుంచి వాలే వెలుతురు కావాలి. అచ్చుకు వెలుతురుతో నిమిత్తం లేదు. పైగా అది రాయి ఎంతుందో అంతే ఉంటుంది, ముందువైపు నుంచి ఎడమ నుంచి కుడికి సరిగ్గానే చదువుకోవచ్చు. తిప్పి చూస్తే గాడిలోకి దిగిన కాగితం ఉబ్బెత్తు అక్షరాలై చేతికి తగులుతుంది. అనుమానం వచ్చిన అక్షరాన్ని వెనకనుంచి వేలితో తడిమి తేల్చుకునేవాళ్లున్నారు. మసి, జిగురు, దూది, గుడ్డ, నీళ్లతో కొలత తప్పని ప్రతిని సంపాదించడం ఎంత తెలివైన ఏర్పాటో, నా మటుకు నాకు స్కానర్లు వచ్చాక మరింత బాగా తెలిసింది. భారత పురావస్తు సర్వే శాసన విభాగం ఇలాంటి అచ్చుల్ని వేలాదిగా మైసూరులో దాచిపెట్టింది. వాటిలో కొన్నిటి అసలు రాళ్లు ఈరోజు లేవు, కాగితమే రాయి.

పనికి ముందు జరిగే మరో పాఠం ఉంది, అది పాఠ్యప్రణాళికలో రాసి ఉండదు. ఊళ్లో పదిమంది బ్రష్షులతో గుడి చుట్టూ తిరుగుతుంటే వచ్చే మొదటి ప్రశ్న, “లంకెబిందెలు ఎక్కడున్నాయని రాసుందండీ?” ఇది నవ్వుకునే ప్రశ్న కాదు. నిధుల కోసం నందుల్ని పగలగొట్టి, శాసన స్తంభాలు పెకలించిన ఊళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అందుకని సర్పంచిని, పూజారిని ముందే కలవడం, రక్షిత కట్టడమైతే శాఖ అనుమతి తెచ్చుకోవడం, అచ్చు తీశాక అందులో ఏముందో ఊరివాళ్లకు అక్కడే చదివి వినిపించడం అన్నీ పనిలో భాగాలే. చదివి వినిపించిన ఊళ్లో ఆ రాయి మీద బట్టలుతకడం ఆగిపోతుంది.

రెండో మెట్టు కన్ను. ఆరిన అచ్చును గోడకు తగిలించి, తెలుగు బాగా వచ్చిన వాళ్లను చదవమంటే ఒక తమాషా జరుగుతుంది. వచ్చిన నాలుగు అక్షరాలు పట్టుకుని మిగతాది ఊహించేస్తారు. భాష ఎంత బాగా వస్తే ప్రమాదం అంత ఎక్కువ. అందుకే మంచి బోధకులు, “మాస్టారూ, చదవకండి, ముందు గీయండి” అంటారు. ఒక్కో అక్షరాన్ని, అర్థంతో పనిలేకుండా, కనిపించింది కనిపించినట్టు పెన్సిలుతో దించాలి. అప్పుడు తెలుస్తుంది, ఉలి గీతకూ రాతి పగులుకూ తేడా. ఉలి గీత అంచులు సాఫీగా, లోతు నిలకడగా ఉంటుంది. పగులు వంకరగా పోయి, ఒకచోట లోతై, మరోచోట మాయమవుతుంది. సున్నా అనుకున్నది రాతిలోని గుంట కావచ్చు. చెక్కినవాడి చెయ్యి కూడా కనపడటం మొదలవుతుంది. పంక్తి కొసకు వచ్చేసరికి చోటు చాలక అక్షరాలు ఇరికించడం, మరిచిపోయిన అక్షరాన్ని పంక్తి కింద చిన్నదిగా చేర్చడం, గట్టి రాయి దగ్గర గీత పలచబడటం. ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ల కిందటి పనివాడొకడు మధ్యాహ్నానికి అలిసిపోయాడని అచ్చు చెబుతుంది.

మూడో మెట్టు లిపి. ఇక్కడ వరసను బట్టి నేర్పేవాడి పనితనం తెలిసిపోతుంది. పుస్తకాలు బ్రాహ్మితో మొదలుపెట్టి ముందుకు వస్తాయి. కూడిక గుర్తులా ఉండే క అక్షరం చూసి అందరూ సంబరపడతారు, రెండు వారాల తర్వాత ఇక్ష్వాకుల శాసనాల్లో గీతలు పొడుగై వంపులు తిరిగేసరికి సగంమంది జారుకుంటారు. తెలుగు వచ్చిన పెద్దవాళ్లకు వెనక్కి నడవడమే తేలిక. విజయనగర కాలపు అక్షరాలు ఇప్పటివాటికి దగ్గరగా ఉంటాయి. అక్కణ్నించి కాకతీయుల కాలం. అప్పటికి తెలుగు, కన్నడ లిపులు ఇంకా కలిసే ఉన్నాయి. ఆపైన వేంగీ చాళుక్యులు. ఒక్కో శతాబ్దం వెనక్కి వెళ్లేకొద్దీ తలకట్టు ఎలా పుట్టిందో, ఏ గుండ్రం ఏ గీత నుంచి వచ్చిందో తిరగేసిన సినిమాలా కనిపిస్తుంది. బ్రాహ్మి చివర్లో వచ్చేసరికి అది పరాయి లిపి కాదు.

దారిలో నేర్చుకోవాల్సిన చిన్న గుర్తులు కొన్ని ఉన్నాయి. పాత శాసనాల్లో ఎ, ఏలకు, ఒ, ఓలకు తేడా చూపరు. ఇ, ఈల తేడాను కూడా పట్టించుకోని చోట్లు బోలెడు. రేఫ తర్వాతి హల్లును జంట చేసి ధర్మ్మ, సర్వ్వ అని రాస్తారు. రేఫను తర్వాతి అక్షరం పక్కన వలపలగిలకగా పెడతారు. ద, ధలు, ప, వ, మలు చిన్న గీతతో, చిన్న ఖాళీతో మాత్రమే వేరవుతాయి. అరిగిన రాయి మీద ఆ ఖాళీయే ముందు పోతుంది. ఇంకా వెనక్కి వెళితే ఇప్పుడు మనకు లేని ఒక ళ-కార భేదం ఎదురవుతుంది, తమిళులు ఇంకా ఉంచుకున్నది. కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళుల ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి పేరున్న రాయి దాకా, అంటే 575 ప్రాంతం దాకా, ఈ నడక సాగుతుంది.

తేదీ చదవడం నాలుగో మెట్టు. అందరూ నిటారుగా కూర్చునే తరగతి ఇదే, ఎందుకంటే ఇందులో తాళం తీసిన సుఖం ఉంటుంది. శకవర్షానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని అందరికీ తెలుసు. హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గరి కాకతీయ రుద్రదేవుడి శాసనాన్ని తీసుకోండి. శకవర్షం 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి, వడ్డవారం. 78 కలిపితే 1162. కానీ శక సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది, మాఘం అందులో పదకొండో నెల. అప్పటికి క్రీస్తు సంవత్సరం మారిపోయి ఉంటుంది. కాబట్టి 1163 జనవరి 19. ఇక పరీక్ష. వడ్డవారం అంటే శనివారం. 1163 జనవరి 19 ఏ వారమో లెక్క కడితే శనివారమే. శకవర్షానికి 12 కలిపి అరవైతో భాగిస్తే వచ్చే శేషం సంవత్సర నామం వరస సంఖ్య: 1084కు 12 కలిపితే 1096, శేషం 16. ప్రభవ నుంచి లెక్కపెట్టండి, పదహారోది చిత్రభాను. 2002 ఉగాదికి మనం జరుపుకున్నదీ చిత్రభానే, మధ్యలో చక్రం సరిగ్గా పద్నాలుగుసార్లు తిరిగింది.

శాసనం రాయించినవాడు తేదీని ఒకసారి చెప్పి ఊరుకోలేదు. అంకెల్లో ఒకసారి, అరవయ్యేళ్ల చక్రంలో ఒకసారి, నెల తిథుల్లో ఒకసారి, వారంలో ఒకసారి చెప్పాడు. ఈ నాలుగూ ఒకదాని మీద ఒకటి కాపలా. ఒక అంకె అరిగిపోయినా మిగతావి దాన్ని తిరిగి కట్టగలవు. లేఖకుడు పొరపడితే అదీ బయటపడుతుంది. పద్యంలో తేదీ చెప్పేటప్పుడు అంకెల బదులు మాటలు వాడతారు: చంద్రుడు ఒకటి, నేత్రాలు రెండు, వేదాలు నాలుగు, బాణాలు అయిదు, రసాలు ఆరు, ఆకాశం సున్న. వీటిని కుడి నుంచి ఎడమకు చదవాలి. రస, వేద, గగన, చంద్ర అని ఉంటే 1046. తరగతిలో ఎవరికి వాళ్లు తమ పుట్టిన శకవర్షాన్ని ఇలా మాటల్లో పేర్చుకుని, పక్కవాళ్ల చేత విప్పించడం ఒక సరదా.

అయిదో మెట్టు దానం. ఇక్కడికి వచ్చేసరికి శాసనం ఒక పత్రమని అర్థమవుతుంది, దానికి భాగాలున్నాయని కూడా. స్వస్తి అన్న మొదటి మాట, తేదీ, రాజు బిరుదులు, ఇచ్చినవాళ్లు, పుచ్చుకున్నవాళ్లు, ఇచ్చింది ఏమిటి, ఎల్లలు, చివర శాపం. బిరుదులు ఎంత పొడుగున్నా వేగంగా దాటేయవచ్చు, అవి ఒకే మూసలో వస్తాయి. నిలవాల్సింది ఇచ్చినదాని దగ్గర. ద్రాక్షారామ భీమేశ్వరాలయం గోడలూ స్తంభాలూ ఇందుకు పెద్ద బడి. అక్కడి శాసనాలు 1923లో దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో అచ్చయ్యాయి. వాటిలో మళ్లీ మళ్లీ వచ్చేది అఖండదీపం. ఎవరో ఒక దీపం పెట్టాలనుకుంటారు. డబ్బు ఇచ్చి వెళ్లిపోతే డబ్బు అయిపోతుంది. అందుకని మందను ఇస్తారు. ఆ మందను ఒక బోయడు, అంటే కాపరి, తీసుకుని, తానూ తన కొడుకులూ మనవలూ రోజుకు మానెడు నెయ్యి దీపానికి పోస్తామని ఒప్పుకుంటాడు. పెద్దవి చచ్చినా పిల్లలు పుడతాయి, మంద తరగదు, దీపం ఆరదు. మూలధనం, దాని మీద రాబడి, బాధ్యుడి పేరు, వారసుల మీద కట్టుబాటు, కొలత, గడువుగా సూర్యచంద్రులు, అన్నీ అయిదారు పంక్తుల్లో. బ్యాంకులో పనిచేసి వచ్చినవాళ్లు ఈ భాగాన్ని మిగతా అందరికంటే త్వరగా పట్టుకుంటారు, బోధకుడికే రెండు ప్రశ్నలు వేస్తారు. రాజుల చరిత్ర వినడానికి వచ్చినవాళ్లకు గొర్రెల కాపరి పేరు దొరుకుతుంది. ఆ మార్పు కోసమే ఈ తరగతి పెట్టారేమోనని నాకు అనుమానం.

పొలాలకు ఎల్లలు చెప్పేచోట చెరువులు, కాలువలు, పుట్టలు, చింతచెట్లు, పక్క ఊళ్ల పేర్లు వస్తాయి. ఈ పాఠాన్ని గదిలో చెప్పకూడదు. శాసనం ప్రతి చేతిలో పట్టుకుని ఊరి చుట్టూ నడవాలి. చెరువు పేరు మారి ఉంటుంది, కట్ట అక్కడే ఉంటుంది. చివరి శాపం దగ్గర అందరూ నవ్వుతారు: ఇచ్చిన భూమిని అపహరించినవాడు అరవైవేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడని, గంగ ఒడ్డున కపిల గోవును చంపిన పాపాన పోతాడని. పెద్ద పేర్లున్న సాక్షులకంటే శాపం మీదే రాయించినవాళ్లు ఎక్కువ నమ్మకం పెట్టుకున్నట్టుంటుంది.

ఇదంతా అయ్యాక రాత. చదివినదాన్ని పంక్తి పంక్తికీ సంఖ్య వేసి దించాలి. స్పష్టంగా ఉన్న అక్షరం మామూలుగా, సగం కనిపించి అనుమానంగా ఉన్నది చదరపు కుండలీకరణంలో, పూర్తిగా పోయినచోట చుక్కలు. శాసనాల సంపుటాలు తిరగేసేవాళ్లు ఈ గుర్తుల్ని చూసీ చూడనట్టు పోతారు గాని, ఈ విద్యకున్న మర్యాదంతా ఆ కుండలీకరణంలో ఉంది. ఇంతవరకు నేను చూశాను, ఇక్కడ ఊహించాను, ఇక్కడ ఏమీ లేదు అని చదివేవాళ్లకు విడివిడిగా చెబుతుంది. అందుకే ఇద్దరిద్దరిని జతచేసి, ఒకే అచ్చును విడివిడిగా చదివించి, తర్వాత రెండు ప్రతులూ పక్కపక్కన పెడతారు. తేడా వచ్చిన ప్రతి అక్షరానికీ మళ్లీ రాయి దగ్గరికి. వాదనలు గట్టిగానే సాగుతాయి. వయసు ఎవరికీ పనికిరాదు, గీతే తీర్పు.

ఉద్యోగం వల్ల కాక ఇష్టం వల్ల ఈ పనిచేసినవాళ్ల వంశం మనకు చిన్నది కాదు. 1922లో రాజమండ్రిలో మొదలైన ఆంధ్రేతిహాస పరిశోధక మండలిని నడిపినవాళ్లలో భావరాజు వెంకట కృష్ణారావు వకీలు. కొమర్రాజు లక్ష్మణరావు 1923లో కన్నుమూశాక ఆయన పేరు పెట్టుకున్న హైదరాబాదు పరిశోధక మండలిలో ఆదిరాజు వీరభద్రరావు బడిలో తెలుగు పండితుడు. ఆ మండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ మొదటి సంపుటాన్ని తెచ్చింది. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో స్థానికులు ఏరి భద్రం చేసిన నాణేలు పి.వి. పరబ్రహ్మశాస్త్రి చేతికి రావడం వల్లే శాతవాహన రాజు సిముకుడి పేరున్న నాణేలు వెలుగులోకి వచ్చాయి. చదివినవాడు నిపుణుడు, వంగి తీసినవాడు ఊరివాడు.

తరగతి చివరి పని, ఎవరి ఊరికి దగ్గర్లోని శాసనాన్ని వాళ్లు పాత సంపుటాల్లో వెతికి, ఆ ముద్రితపాఠాన్ని పట్టుకుని రాయి దగ్గరికి వెళ్లి పోల్చడం. తెలుగు శాసనాలకు జయంతి రామయ్య పంతులు కూర్చిన దక్షిణ భారత శాసనాల పదో సంపుటం, 1948లో అచ్చయినది, చాలామందికి మొదటి మజిలీ. నెల్లూరు వైపువాళ్లకు 1905 నాటి బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టిల మూడు సంపుటాలున్నాయి. పుస్తకంలో నలభై పంక్తులుంటాయి, గుళ్లో ముప్పై రెండే కనపడతాయి, మిగిలిన ఎనిమిదీ కొత్తగా పోసిన గచ్చు కిందికి వెళ్లిపోయి ఉంటాయి. ఒక్కోసారి దీనికి తిరగబడ్డ సంగతీ జరుగుతుంది: ముద్రణలో చుక్కలున్నచోట, సున్నం పూర్తిగా కడిగిన రాయి మీద, రెండు అక్షరాలు నిక్షేపంగా దొరుకుతాయి. దొరికినవాళ్లు సంఖ్య, పంక్తి, తేదీ వేసి, తమ పేరు కింద రాసి, అచ్చుతో సహా ఫైల్లో పెడతారు. ఇంకో జత వెళ్లి చూసి సరేననేదాకా ఆ రెండక్షరాలూ కుండలీకరణంలోనే ఉంటాయి.